బస్సు కట్టు

కొత్తగ డ్యూటీల చేరిన పిల్లలు పొద్దుగాల రాంగనే మిషన్ దిక్కు చూస్తరు. నీళ్ళు సక్కగ వస్తున్నయా, గొట్టాలు బిగిచ్చిండ్రా, అలారం మోగుతుందా అని. చూడుండ్రి, నేను వద్దనను. గని దానికంటె ముందు మంచం మీదున్న మనిషి చెయ్యి పట్టుండ్రి. పట్టి పది లెక్కపెట్టుండ్రి. ఈ ఒక్క మాట చెప్పుడు కోసమే ఇదంత రాస్తున్న. ఓపికుంటె చదువుండ్రి, లేకుంటె ఈ మాట ఒక్కటి పట్టుకపోయినా చాలు.

నా పేరు సలోమి. అందరు సలోమక్క అంటరు. నిజామాబాద్‌ల ఒక డయాలసిస్ యూనిట్ల ఇరవై ఏండ్లకు మీదనే నర్సుగ చేసి, పోయిన ఏడు రిటైరైన. రిటైరైనోళ్ళు మంచిగ ఇంట్ల కూసుంటరు అనుకుంటరు అందరు. నాకు కూసోబుద్ది కాదు. పొయ్యి మీద చాయ పెట్టి వాకిట్లకు పోత, వాకిట్లకెల్లి మళ్ళ లోపటికొస్త, చాయ పొంగిపోతది. చర్చిల పక్కన కూసున్నామె చెయ్యి నాకు తెలువకుండనే పట్టుకుంట. షేరింగ్ ఆటోల ఎదురుంగ కూసున్న ముసలాయన కాళ్ళు రెండు ఒక్క తీరుగున్నయా లేవా అని చూస్త. మా ఆయన నవ్వుతడు. "నిన్ను ఇంటికి పంపిండ్రు గని నీ చేతులను ఇంకా పంపలే" అంటడు. ఆ చేతులు ఎందుకు ఊకుంటలేవో ఆయనకు మొన్నటిదాక తెలువది. నేను చెప్పలే.

మోటరు

కిడ్నీలు పనిచేయకుంటె రక్తాన్ని మిషన్ల కడగాలె. వారానికి మూడు సార్లు, వచ్చినప్పుడల్ల నాలుగు గంటలు. మామూలు నరంల సూది పెడితె మిషన్‌కు సరిపోయేంత రక్తం రాదు. అందుకే చేతికి చిన్న ఆపరేషన్ చేసి, లోపటి పెద్ద రక్తనాళాన్ని పైన కనబడే నరాన్ని కలిపి కుడతరు. దాన్ని ఫిస్టులా అంటరు. నెలన్నర, రెండు నెలలైతె ఆ నరం లావైతది, గట్టిపడతది, సూదికి ఆగుతది.

దాని మీద చెయ్యి పెడితె లోపట జుమ్ముమంటది. పిండి గిర్ని నడుస్తుంటె గోడ మీద చెయ్యి పెట్టి చూడుండ్రి, అచ్చం గట్లనే ఉంటది. మా దగ్గరికొచ్చేటోళ్ళల్ల సగం మంది వరి, పసుపు, చెరుకు చేసేటోళ్ళు. బోరు మోటర్లతోని బతికేటోళ్ళు. అందుకే ఆళ్ళు దానికి మోటరని పేరు పెట్టుకున్నరు. "అక్కా, నా మోటరు నడుస్తుందా సూడు" అని చెయ్యి చాపుతుండె. పుస్తకంల పేరు ఇంకేదో ఉంటది, నేను కూడ మోటరనే అంట.

మోటరు బందైందంటె లోపట రక్తం గడ్డ కట్టిందన్నట్టు. జల్ది తెలుసుకొని హైదరాబాద్ ఉరికితె ఒక్కోసారి ఆ గడ్డ తీస్తరు. ఒకటి రెండు రోజులు ఆగితె ఆ ఫిస్టులా పోయినట్టే. చెయ్యి మంచిగనే కనబడతది, బుక్క నోట్లెకు పోతది, గని సూదికి పనికిరాదు. ఇసొంటి జాగలు మనిషి ఒంట్ల ఎక్కువ ఉండవు. ఒక్కొక్కటి పోతుంటె బతికే రోజులు కురుచైతుంటయి. నేను చెప్పేదంత ఇసొంటి ఒక చెయ్యి గురించే.

ఒక్క కాలు

ముందుగాల మా పెద్ద సారు గురించి చెప్పాలె. మా యూనిట్‌కు ఆయనే పెద్ద డాక్టరు. రోగాన్ని ముక్కుతోని పసిగడతడు అనేటోళ్ళం. కోపం కూడ గంతే ఉండె. ఆయన చెప్పుల సప్పుడు వింటె మా వార్డుల మాటలు బందైతుండె.

నేను చేరిన కొత్తల ఇందల్వాయి దిక్కుకెల్లి ఒక పంతులు వస్తుండె. ఆయనకు ఇంకా డయాలసిస్ దాకా రాలే. ఒంట్లకెల్లి ప్రోటీన్ అంత మూత్రంల కారిపోయే రోగం. రెండు కాళ్ళు ఉబ్బి ఉంటుండె. ఉప్పు తగ్గియ్యి సార్, కాళ్ళ కింద మెత్త పెట్టుకో సార్ అని బడి పిల్లలు పాఠం అప్పచెప్పినట్టు చెప్తుంటి. ఒకనాడు ఆయన, "సిస్టర్, ఎడమ కాలు జర ఎక్కువ ఉబ్బింది, పిక్క నొస్తుంది" అన్నడు. నేను ఆ కాలు దిక్కు చూడనన్న చూడలే. "బస్సుల నిలబడి వచ్చిండ్రు గద సార్, తగ్గుతది" అన్న. ఆయన ఇంటికి పోయి నూనె వేడి చేయించి పిక్క రుద్దిచ్చుకున్నడు. నాలుగైదు రోజులకు దమ్ము అందక మా దగ్గరికి తీస్కొచ్చిండ్రు.

పెద్ద సారు ఆయనను చూసి, టేపు తెమ్మన్నడు. గుడ్డలు కొలిచే టేపు. గేటు బయట టైలర్ దగ్గర అడుక్కొచ్చిన. రెండు పిక్కలు కొలిస్తె ఎడమది మస్తు ఎక్కువొచ్చింది. కాల్ల కట్టిన గడ్డ తునిగి ఊపిరితిత్తులల్లకు పోయిందని సారు చెప్పిండు. ఆ ప్రోటీన్లతోని పాటు రక్తాన్ని పల్సగ ఉంచే సరుకు కూడ మూత్రంల కారిపోతదంట, అందుకే గసొంటోళ్ళకు గడ్డలు జల్ది కడతయంట. అంబులెన్స్‌ల హైదరాబాద్ పంపినం. బతికిండు. గని మళ్ళ మా గడప తొక్కలే, తొక్కకుండనే మంచి పని చేసిండు.

ఆ రోజు సారు వార్డు నడుమ నిలబడి నాకొక మాట చెప్పిండు. "రెండు కాళ్ళు ఉబ్బితె కిడ్నీ అనుకో. ఒక్క కాలు ఉబ్బితె గడ్డ అనుకో, కాదని తేలేదాక." అప్పటికెల్లి నా జేబుల టేపు ఉంది. ఇప్పుడు కూడ సంచిల ఉంది.

కిడ్నీ ఖరాబైన మనిషి రక్తంతోని తిప్పలేందంటె, అది ఒక దిక్కు కారుతది, ఇంకో దిక్కు గడ్డ కడతది. సూది తీస్తె ఆగదు. ఆగనందుకు గట్టిగ కడితె లోపట ఆగిపోతది. నాకు ఈ సంగతి ఎరుకే, పరీక్షల రాసి పాసైన. అయినా గని నేను కారే దిక్కే చూసిన, గడ్డ దిక్కు చూడలే. ఎందుకు చూడలేదో చెప్త.

ఊరు దూరమైతె చుట్లు ఎక్కువ

అప్పుడు బోధన్‌ల డయాలసిస్ లేకుండె. ఆ దిక్కోళ్ళందరు బస్సెక్కి నిజామాబాదే రావాలె. బోధన్ అవుతలకెల్లి ఒక అవ్వ వస్తుండె. ఒకనాడు డయాలసిస్ అయిపోయి, సూదులు తీసి, దూది పెట్టి, ప్లాస్టర్ అంటించి పంపిన. జానకంపేట దగ్గర బస్సుల జనం ఒత్తుకునేసరికి ప్లాస్టర్ ఊడి రక్తం చిమ్మింది. పక్కన కూసున్న ఆడిపిల్ల గట్టిగ ఒత్తి పట్టుకుంది, కండక్టర్ తన తువ్వాల ఇచ్చిండు, బస్సాపి ఆటో ఎక్కిచ్చిండ్రు. అవ్వ బతికింది. చీరంత రక్తంతోని నా ముంగట కూసొని, "ఏం గాలే బిడ్డ, నీళ్ళియ్యి" అన్నది. పెద్ద సారు నన్ను తిట్టిన తిట్లు ఇప్పుడు రాయలేను.

గప్పుడు నాకు ఒక తెలివి పుట్టింది. సూది తీసినంక రెండు వేళ్ళతోని పది పదిహేను నిమిషాలు ఒత్తాలె, ఒత్తుతుంటె కూడ వేలి కింద మోటరు తెలుస్తుండాలె, ఆగినంక చిన్న ప్లాస్టర్ చాలు, ఇది పద్ధతి. నేనేం చేసిననంటె, దూది మందంగ మడిచి పెట్టి, చెయ్యి చుట్టు బ్యాండేజ్ గట్టిగ చుట్టి ముడేసిన. ఊరు ఎంత దూరముంటె అన్ని చుట్లు. టౌన్ల ఉండేటోళ్ళకు ఒక్కటి, డిచ్‌పల్లికి మూడు, ఎడపల్లికి నాలుగు, బోధన్‌కు ఐదు. సొంత బండి మీద పోయేటోళ్ళకు ఎంత దూరమైనా ఒక్కటే, ఎందుకంటె ఆళ్ళను బస్సుల లెక్క నూకేటోళ్ళు ఎవ్వరుండరు. ఇంటికి పోయినంక విప్పుకోండ్రి అని చెప్తుంటి.

మళ్ళ బస్సుల ఎవ్వరికి రక్తం కారలే. రోగులు ఖుషి, కండక్టర్లు ఖుషి, పెద్ద సారు కూడ ఏమనలే, ఆయన ఏమనకుంటె మెచ్చుకున్నట్టే. వేరే యూనిట్లకెల్లి పని నేర్చుకునుటానికి వచ్చిన పిల్లలు చూసి నేర్చుకున్నరు. రోగులు బస్సు కట్టు అంటుండె, పిల్లలు సలోమక్క కట్టు అనుడు మొదలుపెట్టిండ్రు. నా పేరు అట్ల వినబడుతుంటె లోపట ఎంత మురిసిననో ఇప్పుడు చెప్పాలంటె సిగ్గైతుంది.

లింబాద్రి

లింబాద్రిది ఎడపల్లి మండలంల ఒక ఊరు. చెరుకు ట్రాక్టర్ నడుపుతుండె. మా దిక్కు చెరుకు ఫ్యాక్టరీ మూతబడ్డంక కూడ దూరం దూరం ఫ్యాక్టరీలకు లోడు తీస్కపోతుండె. నలభై ఏండ్లు కూడ లేవు, బీపీతోని కిడ్నీలు రెండు పోయినయి. ఎడమ చేతికి ఫిస్టులా పెట్టిచ్చుకున్నడు. ఎడమ చెయ్యి మిషన్‌కు, కుడి చెయ్యి స్టీరింగ్‌కు అని నవ్వుతుండె. డయాలసిస్ లేని రోజులల్ల అప్పటికి కూడ బండి నడుపుతుండె. నాతోని సూది పెట్టిచ్చుకుంటెనే ఆయనకు నిమ్మలం. వేరే ఎవ్వరొచ్చినా "సలోమక్కను రానియ్యి" అని చెయ్యి దుప్పట్ల దాసుకుంటుండె.

ఆయన పెండ్లాం రాజమణి. ఎక్కువ మాట్లాడది, గని అన్ని చూస్తది. ఒకనాడు నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, ఒక్క మాట. మా తమ్ముని బండి మీద ఇంటికి పోయిన్నాడు ఈయన మోటరు మంచిగ కొడుతుంది. బస్సుల పోయిన్నాడు కట్టు ఇప్పినంక కూడ శానసేపు సప్పుడుండదు. గట్లెందుకు?"

చూడుండ్రి, ఆమె బడి మొకం చూడలే. నా కట్టుల ఉన్న తప్పు మొత్తం రెండు మాటలల్ల నా చేతుల పెట్టింది. బండికి ఒక్క చుట్టు, బస్సుకు నాలుగు చుట్లు. ఇంకేం కావాలె తెలుసుకునుటానికి. నేనేమన్ననో తెలుసా?

"డయాలసిస్ అయినంక బీపీ తగ్గుతది రాజమణి, గందుకే. నువ్వేమన్న నర్సు పని చేస్తవా ఏంది, నా కొలువు గుంజుకునేటట్టున్నవ్" అని నవ్విన. ఆమె కూడ నవ్వింది. మళ్ళ అడగలే.

ఇది జరిగి నెల కూడ కాలే. చెరుకు కొట్టే రోజులు. ఆ పూట లింబాద్రి ఒంట్లకెల్లి నీళ్ళు ఎక్కువ తీసినం, లేసి నిలబడితె కండ్లు తిరిగినయి, బీపీ మస్తు తక్కువుంది. రాజమణి పసుపు తవ్వకానికి పోయింది, ఆయన ఒక్కడే వచ్చిండు. బస్టాండ్ల జనం మస్తుగున్నరని ఎవరో చెప్తె, నాలుగు చుట్లకు ఇంకొకటి కలిపిన. ఐదు. "బిగుసుగుంది అక్కా" అన్నడు. "ఇంటికి పోయేదాక ఓర్సుకో తమ్మి" అన్న.

తొవ్వల చెరుకు లారీ ఒకటి అడ్డంబడి బస్సు శానసేపు ఆగిందంట. ఇంటికి చేరేసరికి ఒంట్ల సత్తువ లేక అట్లనే మంచంల ఒరిగిండు, కట్టు విప్పకుండనే నిద్రపోయిండు. తెల్లారి రాజమణి విప్పి చెయ్యి పెట్టి చూస్తె సప్పుడు లేదు. యూనిట్‌కు ఫోన్ చేసింది. ఫోన్ ఎత్తింది నేనే.

"అక్కా, మోటరు బందైంది."

"కట్టు రాత్రంత ఉంది గద, గట్లనే ఉంటది. వేడి బట్ట పెట్టు. ఎట్లన్న రేపు వస్తడు గద, చూద్దం" అన్న. వార్డుల రెండు మంచాల కాడ అలారం మోగుతుంది, నేను తొందరల ఉన్న. తొందర అన్నది నిజమే. గని మోటరు బందైందంటె ఆ మాట తర్వాత వేరే పని ఉండొద్దు. ఉన్న ఒక్క రోజును నేనే పారబోసిన.

సారు అడిగిన మాట

మర్నాడు లింబాద్రి వచ్చిండు, రాజమణి కూడ వచ్చింది. నేను చెయ్యి పట్టిన. రాయి పట్టుకున్నట్టుంది. ఇంకో జాగల పట్టిన, చెవి ఆనిచ్చిన, ఏం లేదు. పెద్ద సారు వచ్చి చూసి, నా మొకం దిక్కు చూసిండు.

"ఏం జరిగింది?"

వార్డుల అందరు వింటున్నరు. నేను మొన్న కట్టిన కట్టు నా కండ్ల ముంగట్నే ఉంది, దాని ముడి కూడ యాదికుంది. నా నోట్లకెల్లి వచ్చిన మాట మాత్రం ఇది.

"చెయ్యి కింద పెట్టుకొని పడుకున్నట్టుండు సార్."

రాజమణి ఏదో అనబోయింది. గంతల్నే లింబాద్రి అన్నడు. "అవ్ సార్. చెయ్యి మీదనే పన్న. నిద్రల ఎరుకలేదు."

సారు ఆయనను తిట్టిండు. ఒక్క చెయ్యి కాపాడుకోలేవా, నీ చేతిని నువ్వే చంపుకున్నవ్, నీ అసొంటోళ్ళకు ఎంత చేసినా దండగ అని తిట్టిండు. లింబాద్రి తల దించుకొని తిట్లన్ని పడ్డడు. నేను పక్కన ట్రే పట్టుకొని నిలబడ్డ. నాకు భయం తగ్గింది, పిల్లలారా. అన్నిటికంటె నాకు సిగ్గనిపించేది గదే. పాపం అనిపించకముందు బతికిన అనిపించింది. ఆయన నిజంగనే చెయ్యి మీద పండుకున్నడేమో అని కూడ అనుకున్న. అట్ల అనుకుంటె నాకు సుఖంగుంటది గద.

పెద్ద సారు గురించి నా మనసుల ఉన్నది చెప్త. పనిల ఆయనకు సాటి లేరు, పంతులును బతికిచ్చింది ఆయనే. గని ఆయన కోపం మా యూనిట్‌కు అబద్ధాలు నేర్పింది. తప్పు చెప్పినోళ్ళను అందరి ముంగట బట్టలూడదీసినట్టు తిడితె, రెండోసారి ఎవ్వరు చెప్పరు. రేపు మీరు పెద్దోళ్ళయితరు. మీ కింద పనిచేసేటోళ్ళు మీకు తప్పు చెప్పుటానికి భయపడుతున్నరంటె, ఆ తప్పుల సగం మీ ఖాతాలనే వేసుకోండ్రి. మిగిలిన సగం నాది. దాన్ని నేను ఆయన మీదకు నూకుతలేను.

కుడి చెయ్యి

ఎడమ చెయ్యి మళ్ళ లేవలే. హైదరాబాద్ పోయినా ఆలస్యమైందన్నరు. మెడల గొట్టం పెట్టి డయాలసిస్ నడిపిచ్చినం. ఆ గొట్టంతోని రెండు సార్లు చలిజ్వరం వచ్చింది, రెండోసారి ఆయన దక్కుతడని ఎవ్వరం అనుకోలే. తర్వాత కుడి రెక్కకు ఫిస్టులా చేసిండ్రు. చేసిన సర్జన్ గారు రాజమణిని పిలిచి, నరాలు మంచిగ లేవు, ఇది పోతె ఇంకోటి దొరుకుతదని నేను చెప్పలేను, పానం లెక్క చూసుకోండ్రి అన్నడు.

కుడి చెయ్యి పోయిందంటె స్టీరింగ్ పోయినట్టే. ట్రాక్టర్ అమ్మిండ్రు. రోడ్డు మీద చిన్న చాయ హోటల్ పెట్టుకున్నరు. ఆ చెయ్యితోని లింబాద్రి చాయ గ్లాసు కంటె బరువు ఎత్తకుండె. సూది మాత్రం నేనే పెట్టాలె. వారానికి మూడు సార్లు, ఏండ్ల కొద్ది, ఆ కుడి చెయ్యి నా ముంగట చాపిండు. ప్రతిసారి చెప్దామని నోటిదాక వస్తుండె. సూది పెడుతుంటె ఎట్ల చెప్పాలె అనుకుంటుంటి, సూది తీసినంక బస్సు టైమైంది గద అనుకుంటుంటి. చెప్పనోనికి ఎప్పుడు ఏదో ఒకటి అడ్డమొస్తనే ఉంటది.

నేను మాత్రం బస్సు కట్టు బందు చేసిన. వేళ్ళతోని ఒత్తి, మోటరు చూసి, చిన్న ప్లాస్టర్ పెట్టి, ఇంకో పావుగంట కూసోబెట్టి పంపుతుంటి. "అక్కా, నువ్వెందుకు చుట్లు చుడతలేవు?" అని పిల్లలు అడిగిండ్రు. "వేళ్ళు నొస్తున్నయే" అన్న. చూసిండ్రా, ఇంకో అబద్ధం. ఆ కట్టు తప్పు అంటె ఎందుకు తప్పో చెప్పాలె. ఎందుకో చెప్తె లింబాద్రి చెయ్యి సంగతి చెప్పాలె. నేను చెప్పలే, ఆళ్ళు కడుతనే ఉన్నరు. అండ్ల కొందరు వేరే ఊర్లకు పోయిండ్రు, కట్టును కూడ తీస్కపోయిండ్రు.

తర్వాత బోధన్‌ల యూనిట్ వచ్చింది. దగ్గర గద అని లింబాద్రి ఆడికి మారిండు. పోయేటప్పుడు నాకు ఒక బెల్లం ముద్ద ఇచ్చి పోయిండు. నేను రిటైరైన.

ఎడపల్లి బస్సు

మొన్న ఒకనాడు ఇంట్ల అటు ఇటు తిరిగి తిరిగి, ఇగ ఇట్ల కాదని, లింబాద్రి ఊరికి పోదామని బోధన్ బస్సెక్కిన. మా ఆయనకు ఎక్కేముందే సంగతంత చెప్పిన. ఆయన నవ్వలే, బస్టాండ్ దాక వచ్చి పంపిండు. నేను పోయేసరికి పగటి ఎండ. లింబాద్రి అప్పుడే బోధన్‌కెల్లి డయాలసిస్ చేసుకొని వచ్చి హోటల్ ముంగట కుర్సీల కూసున్నడు, నిండ చేతుల అంగి వేసుకున్నడు. ముసలోడైండు. నన్ను చూసి లేవబోయిండు. రాజమణి పొయ్యి కాడికెల్లి ఉరికొచ్చి నా సంచి అందుకుంది.

చాయ రాకముందే చెప్పిన. చాయ తాగితె మళ్ళ చెప్పనని నాకు తెలుసు.

"లింబాద్రి, నీ ఎడమ చెయ్యి నా కట్టుతోనే పోయింది. ఆనాడు ఐదు చుట్లు చుట్టిన. రాజమణి ముందే చెప్తె నవ్విన. ఫోన్ చేస్తె రేపు రమ్మన్న. సారు ముంగట నీ మీద పెట్టిన."

లింబాద్రి కుర్సీ నా దిక్కు జరుపుకున్నడు.  "నాకు ఎరుకే అక్కా."

"ఎప్పుడు?"

"గప్పుడే. బస్సులనే వేళ్ళు సల్లబడ్డయి. సారు అడిగినప్పుడు నీ మొకం సూసిన."

రాజమణి గ్లాసులు పట్టుకొని నిలబడ్డది. "నేను చెప్దామనే నోరు తెరిసిన అక్కా. ఈయననే నా కాలు తొక్కిండు. ఇంటికి పోయి కొట్లాడిన. వారం దినాలు మాట్లాడలే ఈయనతోని."

"ఎందుకు తమ్మి? సారు గన్ని తిట్లు తిట్టిండు. ఎందుకు పడ్డవ్?"

లింబాద్రి నా చేతుల దిక్కు చూసిండు. నా వేళ్ళు వణుకుతున్నయి, నేను కూడ గప్పుడే చూసుకున్న.

"గిందుకే" అన్నడు. "గప్పుడు చెప్తె నీ చేతులు గిట్లనే వణుకుతుండె. మర్నాటికెల్లి సూది పెట్టాల్సింది గవే చేతులు. వణికే చేతులకు నా చెయ్యి ఎట్లియ్యాలె అక్కా? తిట్లదేముంది, ఇంటికొస్తె అయిపోతయి."

నాకు ఏడుపు ఆగలే. ఏడ్సుకుంటనే అలవాటుగ ఆయన కుడి రెక్క పట్టుకున్న. అంగి కింద గట్టిగ ఏదో తాకింది. అంగి చెయ్యి పైకి మడిచి చూస్తె మందం దూది, దాని మీద బ్యాండేజ్, పక్కకు ముడి. ఆ ముడి నాదే. నేను నేర్పిన ముడి.

"ఇదెవరు కట్టిండ్రు?"

"బోధన్‌ల కొత్త పిల్ల. ఆడ అందరికి గిట్లనే కడుతరు. 'ఇది సలోమక్క కట్టు, రక్తం కారది' అన్నది. నీ పేరు చెప్తె నేను వద్దంటనా అక్కా?"

రాజమణి గ్లాసులు కింద పెట్టింది. "ఇంటికి రాంగనే ఇప్పుత అక్కా, ఒక్కనాడు మరువలే. ఇయ్యాల నువ్వొస్తివని, ఆ సంబరంల..." అని ఆమె కూడ వచ్చి పక్కన కూలబడ్డది.

ముడి విప్పుటానికి నా వేళ్ళు సాగలే. పండ్లతోని పట్టి గుంజిన. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు చుట్లు. దూది తీస్తె సూది జాగల చిన్న చుక్క వచ్చింది, దాన్ని ఒక్క వేలితోని మెల్లగ ఒత్తి, ఇంకో చెయ్యి నరం మీద పెట్టిన. ఏం లేదు. పది లెక్కపెట్టిన. రోడ్డు మీద లారీ పోతుంటె ఆ అదురుకు మోటరే అనుకొని మోసపోయిన. లారీ పోయింది. మళ్ళ పది లెక్కపెట్టిన. రాజమణి నా మొకం దిక్కే చూస్తుంది, నేను ఆమె దిక్కు చూడలే. ఇంకోసారి పది. గప్పుడు వేళ్ళ కింద సన్నగ, దారం గుంజినట్టు కదిలింది. ఆగింది. మళ్ళ కదిలింది. జుమ్ముమన్నది.

"నడుస్తుంది" అన్న. లింబాద్రి కండ్లు మూసుకున్నడు. రాజమణి తన చెయ్యి నా చెయ్యి పక్కన పెట్టి తను కూడ పట్టి చూసుకుంది. గప్పటికి చాయ సల్లారిపోయింది.

మర్నాడు పొద్దుగాల్నే బోధన్ యూనిట్‌కు పోయిన. ఆ కొత్త పిల్ల మంచి పిల్ల, నన్ను చూసి కాళ్ళు మొక్కబోయింది. అందరిని కూసోబెట్టి ఇప్పుడు మీకు రాసిందంత చెప్పిన, సారు ముంగట చెప్పిన అబద్ధంతోని సహా. అయిపోయినంక ఒక పిల్ల, "మరి బస్సుల రక్తం కారితె అక్కా?" అని అడిగింది. మంచి మాట అడిగింది. పావుగంట ఒత్తి, ఇంకో పావుగంట కూసోబెట్టి, ఒక బస్సు పోతె పోనియ్యి, ఇంకో బస్సు ఎక్కియ్యమన్న. బస్సులు గంటకొకటి వస్తయి, చేతులు రావు.

ఆ కట్టు ఇంకా ఎన్ని ఊర్లల్ల ఉందో నాకు తెలువదు. మీరు చేరిన జాగల ఎవరన్న చెయ్యి చుట్టు గట్టిగ చుడుతుంటె, ఇది సలోమక్క నేర్పిన కట్టు అని అంటె, భయపడకుండ ముందుకు పోండ్రి. సలోమక్కనే విప్పమన్నదని చెప్పి విప్పుండ్రి.